ముట్టడిలో మూడు శేర్ల దూది

బడిపిల్లలకు పాఠం కళ్లకు కట్టినట్టు ఉండాలని చరిత్ర మాస్టారు కోట ముట్టడి మీద చిన్న మూకీ సినిమా తీయిస్తున్నారంటే సంతోషించాను. అందులో మా పెద్దాడు సిపాయి వేషంలో గోడ మీంచి పడి చచ్చిపోవాలని తెలిశాక ఆ సంతోషం ఎగిరిపోయింది. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చుకునేవాడికి గోడలెక్కడం దేనికి?

"పన్నెండడుగులేనమ్మా. కింద గడ్డి పరుస్తారు," అన్నాడు.

పక్కింటావిడ మరిది అరుగు మీంచి పడే నడుం విరగ్గొట్టుకున్నాడు. అరుగెంత, గోడెంత?

సిపాయిల చొక్కాలు కుట్టే పని నాదే. మా పరుపు విప్పి, మూడు శేర్ల దూది వాడి చొక్కా లోపల వీపుకీ, పక్కలకీ, పొట్టకీ కూరి కుట్టేశాను. తొడుక్కునే వేళకు గానీ వాడికి తెలియలేదు. వేరే చొక్కా లేదు. నావైపు ఒక్క చూపు చూశాడు.

పాత గిడ్డంగి వెనక చెక్కలకు గోనెలు కొట్టి, సున్నం పూసి కోట కట్టారు. ఎనిమిది నెలలుగా తిండిలేక తోలు బెల్టులు ఉడకబెట్టుకు తింటున్న సైన్యమట. అందరి బుగ్గలకూ మసి పూసి గుంటలు తెప్పించారు. వాళ్ల మధ్య మావాడు గుమ్మడికాయలా నిలబడ్డాడు. మాస్టారు చూసేసరికే కెమెరా తిరుగుతోంది. రెండోసారి తీయడానికి ఫిల్ము లేదు.

మావాడు పడ్డాడు. గడ్డి మీద ఎగిరి మళ్లీ పడ్డాడు. చిన్న గీత కూడా పడలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మాస్టారు తల పట్టుకున్నారు. "అమ్మగారూ, వాడు ఎనిమిది నెలలు పస్తులున్న మనిషండీ."

"దెబ్బ తగల్లేదు కదండీ," అన్నాను.

మూకీ కదా, బొమ్మల మధ్య చూపించే మాటల అట్టలు మావాడి అచ్చాఫీసులోనే వేస్తారు. మాస్టారు కొత్తగా ఒకటి రాసిచ్చారు. దాన్ని మావాడే పేర్చాడు. బడి హాల్లో తెల్లగుడ్డ మీద అది పడినప్పుడు కూడబలుక్కుని చదివాను: "ధాన్యం కొట్టుకు కాపలా సిపాయి. సాటివారు మాడుతుంటే దొంగచాటుగా తిన్నాడు." వాడు పడగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

కోట ఎందుకు ఓడిందని మొన్న పరీక్షలో అడిగితే, కాపలావాడు తినేయడం వల్ల అని సగం మంది రాశారట. మాస్టారు మార్కులు కూడా వేశారట. ఇక వీడికి పిల్లనెవరిస్తారో అని నాకు నిద్ర లేదు.

వారమైంది, వాడు నాతో మాట్లాడి. అయినా రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి చూసుకుంటున్నాను. రెండు కాళ్ల మీదే నడిచి వెళుతున్నాడు.