కిటికీ వైపు కొక్కేలు

పాల ప్యాకెట్ కత్తిరించడానికి మా తోడికోడలు నా గుడ్డ కత్తెర తీసింది. ఆదివారం పొద్దున్నే గొడవ అక్కడ మొదలైంది.

"అక్కా, దాంతో గుడ్డ తప్ప ఇంకేదీ కొయ్యకూడదు. పదును పోతుంది."

"కత్తెర కత్తెరే కదా. పాలకొకటి, గుడ్డకొకటి పెట్టుకుంటారా ఎవరైనా?"

"కుట్టేవాళ్లు పెట్టుకుంటారు."

మా ఆయన పేపర్లోంచి తలెత్తి మళ్లీ దించుకున్నాడు. "పొద్దున్నే ఇనపముక్క కోసమా మీ రభస?" అంది అత్తగారు.

గొడవ ఇనపముక్క గురించి కాదని అందరికీ తెలుసు. బల్ల మీదున్న కరపత్రం గురించి. మా బావగారు పాత బస్సుల సంఘానికి కార్యదర్శి. అరవై ఏళ్ల నాటి బస్సొకటి బాగు చేయించి, పిల్లల ఆసుపత్రికి విరాళం కోసం ఆరోజు పల్లెదారుల్లో తిప్పుతున్నారు. ఆ బస్సులో ముప్పై రెండు సీట్లకీ ఎర్ర రెక్సిన్ తొడుగులు కుట్టింది నేను. ఎనిమిది నెలల మధ్యాహ్నాలు ధారపోశాను. సూది విరిగి దిగిన మచ్చ ఇంకా వేలి మీదుంది. కరపత్రంలో మాత్రం "సీట్ల కుట్టుపని: కార్యదర్శి గారి సతీమణి" అని అచ్చయింది.

అడిగితే, "ఎవరు కుడితే ఏంటి, పేరు ఇంటికేగా వచ్చేది" అంది అక్క. నేనది మరిచిపోలేదు.

మేం ఎక్కి బస్సు బయల్దేరాక సంఘం అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, ఒక సీటు నిమిరి అక్క వైపు చూశాడు.

"ఇక బాగు చేయించబోయే రెండో బస్సు సీట్లు కూడా ఈ అమ్మ చేతికే ఇస్తాం. భోజనాల దగ్గర అందరికీ చెప్తాను."

"అబ్బే, ఏముందండీ. తీరిక వేళల్లో అలా కుట్టేశాను," అంది అక్క, కొంగు సర్దుకుంటూ.

ఆ మాట జాగ్రత్తగా దాచుకున్నాను.

కొండ మలుపుల్లో నా ముందు సీట్లోని చిన్నపిల్ల వాంతి చేసుకుంది. బస్సు ఆపారు. పిల్ల మూతి కడిగి నా సీట్లోనే పక్కన కూర్చోబెట్టుకున్నాను. పగ నాది, పిల్లకేం సంబంధం?

"తొడుగు విప్పి కడిగితే సరి. అమ్మా, మీరు కుట్టిందేగా, కాస్త విప్పండి," అన్నాడు అధ్యక్షుడు అక్కతో.

పాత రోజుల్లో బస్సు సీట్ల తొడుగులు దొంగలు ఎత్తుకుపోయేవారట. అందుకని కొక్కేలు పైకి కనబడకుండా కిటికీ వైపు, సీటు అడుగున పెట్టేవారు. నేనూ ఆ పద్ధతిలోనే కుట్టాను. అరచెయ్యి వెల్లకిలా పెట్టి కొక్కేలు తీసి లాగితే దిండు గలీబులా వచ్చేస్తుంది. తెలియాలి, అంతే.

అక్క ముందు వెతికింది, వెనక వెతికింది. "జిప్పు బిగుసుకుపోయినట్టుందండీ."

అసలు జిప్పే లేదు. తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు కోసమే నేను అంతసేపూ ఆగింది. కిటికీలోంచి పొలం చూస్తూ కూర్చున్నాను.

"గట్టిగా లాగు, అదే వస్తుంది," అన్నాడు బావగారు. లాగింది. కుట్టు పర్రుమంది.

"కుట్టినావిడకి విప్పడం రాదా?" అని వెనక సీట్లో ఎవరో అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. అక్క చెవులు రెక్సిన్ రంగుకి వచ్చేదాకా ఆగి, అప్పుడు లేచాను. మోకాళ్ల మీద కూర్చుని ఏడు కొక్కేలూ తీశాను. అర నిమిషం పట్టింది. తొడుగు తిరగేసి అధ్యక్షుడి చేతికిచ్చాను.

"మెల్లగా కడగమనండి. లోపల పసుపు దారం రంగు దిగుతుంది."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ పసుపు దారం చదివాడు. ప్రతి తొడుగు లోపలా నా సంతకం కుట్టి ఉంది. ఆయన కరపత్రం తీసి మరొకసారి చూసుకున్నాడు. భోజనాల దగ్గర ఏ ప్రకటనా లేదు. నా పక్కకొచ్చి మాత్రం ఓ మాట అడిగి వెళ్లాడు.

సాయంత్రం ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం.

"నలుగురిలో నా పరువు తీశావు," అంది అక్క.

"నేనేం చేశానక్కా? కూర్చున్నాను, అంతే."

"ఇల్లన్నాక సర్దుకుపోవాలి," అంది అత్తగారు.

"సర్దుతున్నానత్తయ్యా. రెండో బస్సుకి ఒప్పుకున్నాను, నలభై సీట్లు. రేపు మిషను ముందు గదిలోకి మారుతుంది. రెండు పూటలా వంట ఇక అక్కది."

"దానికి తీరికెక్కడ ఉందమ్మా?" అన్నాడు బావగారు.

"తీరిక వేళల్లో ముప్పై రెండు సీట్లు కుట్టిన మనిషి, బావగారూ. రెండు పూటల వంట ఆవిడకో పనా?"

మా ఆయనకి పొలమారింది. నీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపి, అక్క కంచంలో ఇంకో గరిటె కూర వడ్డించాను.