ఆట్మర్ జీల్కె నేలమాళిగ

అమెరికాలోని షెబాయ్‌గన్‌ ఊళ్లో రైలు బొమ్మలు చేసేవాళ్లు ఆట్మర్ జీల్కె పేరెత్తితే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. యాభై ఏళ్ల కిందట అందరూ బొమ్మ రైళ్లను పెళ్లికూతుళ్లలా తళతళలాడిస్తుంటే ఆయనొక్కడే ఒక పెట్టెకు తుప్పు, మసి, చమురు మరకలు పట్టించి ప్రదర్శనకు తెచ్చాడు. ఆ రోజు అందరూ నవ్వారు. మరుసటేడు అందరూ మసి పూశారు. ఆ పనికి ఆయన పెట్టిన పేరు వయసు పెట్టడం.

ఆయన నవంబరులో పోయాడు. వసంతకాలపు ప్రదర్శన కోసం ఇంటి నేలమాళిగలో ఉన్న ఆయన పనిగదిని, పనిచేసుకుంటున్న ఆయన బొమ్మతో సహా, అడుగుకు అరంగుళం చొప్పున చిన్న నమూనాగా చేసిపెట్టమని రైలు బొమ్మల క్లబ్బువాళ్లు ఆర్డిస్ కోబ్లర్‌ను అడిగారు. ఇంకెవరిని అడుగుతారు? ఇరవైరెండేళ్లు ప్రతి గురువారం ఆ నేలమాళిగలో ఆయన పక్కన ఉన్నది ఆమె. అరవై దాటిన ఒంటరి మనిషి ఆర్డిస్‌కు ఈ లోకంలో ఎవరి పక్కనైనా చోటుందంటే అది అక్కడే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, ఆయనతో కూడా.

ఆరు వారాల్లో బల్ల, దీపం, రంగు డబ్బాలు అయ్యాయి. రెండు స్టూళ్లు చేసింది. ఒకటి ఆయనది, ఒకటి తనది. కూర్చుని కూర్చుని అరిగిపోయినట్టు తన స్టూలు పచ్చరంగును గరుకు కాగితంతో రుద్దింది. ఎంత రుద్దినా చెయ్యి నొప్పి పుట్టలేదు.

క్లబ్బు పెద్ద లైల్ వచ్చి చూసి, "కొలతలు తీశావా, తలలోంచి దించేశావా?" అన్నాడు.

"నాకు తెలియని గదా అది?"

"తెలుసులే తల్లీ. కానీ గుర్తున్నది చెయ్యకు, కనబడేది చెయ్యి అని మన చెవినిల్లు కట్టుకుని పోరిందెవరు? ముసలాయన సమాధిలోంచి లేచొచ్చి మొట్టికాయ వేస్తాడు."

మర్నాడు పొద్దున కొలతల టేపు పట్టుకుని ఆట్మర్ ఇంటికి వెళ్లింది. ఆట్మర్ భార్య వెర్నా తలుపు తీసింది. ఎనభై దగ్గరపడుతున్న మనిషి.

"రా అమ్మాయ్. కింద ఏదీ కదపలేదు నేను."

ఆర్డిస్ దిగి నేరుగా తన స్టూలు దగ్గరికి వెళ్లింది. పచ్చరంగు ఎక్కడా అరగలేదు. దాని మీద గుండ్రటి మరకలు, ఒకదాని మీదొకటి, వందలున్నాయి. రంగు డబ్బాల అడుగులవి. చూస్తుండగా, వద్దన్నా వినకుండా గుర్తొచ్చింది. ఆ స్టూలు డబ్బాలకే. తను ఎడమపక్క నిలబడి దీపం పట్టుకునేది. "కాస్త కిందికి. ఇంకాస్త," అనేవాడు ఆయన. ఇరవైరెండేళ్లూ నిలబడే ఉంది. కూర్చున్నానని ఎప్పటినుంచి అనుకుంటోందో ఆమెకే తెలియదు.

వెనక్కి తిరిగితే మెట్లు. కిందనుంచి నాలుగో మెట్టు మీద బూడిదరంగు పోయి చెక్క నున్నగా తేలింది, ఒక మనిషి కూర్చునేంత మేర.

"అది నా పనే," అంది వెర్నా. "సాయంత్రం అంట్లయ్యాక వచ్చి కూర్చునేదాన్ని. నువ్వొచ్చే రోజులు తప్ప. అల్లుకుంటూ ఆయన వీపు చూసేదాన్ని."

"మాట్లాడేవారు కాదా?"

"పలకరిస్తే గీత తప్పుతుందని కసిరేవాడు." నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "ఒకటడుగుతా, చెప్పు. నువ్వు పక్కనుంచి చూశావు కదా. పని చేసేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేది? భోజనం దగ్గరి ముఖం నాకు తెలుసు. అది కాదు."

ఆర్డిస్ లోపల వెతుక్కుంది. చేతులు కనబడ్డాయి. కుంచె, గోళ్ల కింద తుప్పురంగు, వెలుగు పడినంత మేర. ఆ పైన చీకటి. దీపం ఎప్పుడూ పనిమీదే పట్టింది. ఆయన అలాగే పట్టమన్నాడు.

చూడలేదంటే తనకు ఆ గదిలో ఇంకేమీ మిగలదు.

"మెత్తగా ఉండేది," అంది. "నిద్రపోయే పసివాడి ముఖంలా."

వెర్నా కళ్లు తుడుచుకుంది. "అనుకున్నా," అంది.

ఇంటికొచ్చి స్టూలుకు మళ్లీ రంగు వేసి మరకలు దిద్దింది. నాలుగో మెట్టును అరగదీసింది. అవి కష్టం కాలేదు. ఆయన బొమ్మకు ముఖమే రాలేదు. ఫోటోలు చూసి చేస్తే భోజనం దగ్గరి ముఖమే వచ్చింది. తను చెప్పిన ముఖం చేయబోతే చెయ్యి సాగలేదు. నాలుగు చేసి గీకేసింది. ఐదోదాన్ని కళ్లూ ముక్కూ లేకుండా నున్నగా వదిలేసి, బొమ్మను బల్లవైపు తిప్పి అంటించింది. చూసేవాళ్లకు కనబడేది వీపే కదా.

ప్రదర్శన లూథరన్ చర్చి హాల్లో. జనం వంగి వంగి చూసి మెచ్చుకున్నారు. వెర్నా చూపు మెట్టు మీద చాలాసేపు నిలిచింది. అప్పుడు లైల్ జేబులోంచి పళ్లడాక్టరు అద్దం తీశాడు. బహుమతులు నిర్ణయించేవాళ్లు బొమ్మల కనబడని పక్కలు చూసేది దాంతోనే.

"పట్టు వెర్నా. మన ఆర్డిస్ అసలు పనితనమంతా ఎవరికీ కనబడని చోటే దాస్తుంది."

ఆర్డిస్ వద్దనబోయింది. అప్పటికే అద్దం వెర్నా చేతిలో ఉంది.

వెర్నా అద్దాన్ని బల్లకూ బొమ్మకూ మధ్య పెట్టి చూసింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది.

"ఎలా ఉన్నాడు మనవాడు?" అన్నాడు లైల్.

"బాగున్నాడు," అని అద్దం ఇచ్చేసింది. ఎవరో పిలిస్తే లైల్ వెళ్లాడు.

"నువ్వూ చూడలేదన్నమాట," అంది వెర్నా, ఆర్డిస్‌వైపు తిరక్కుండా.

"లేదు."

"అదేదో అప్పుడే చెప్పాల్సింది అమ్మాయ్. నెల రోజులుగా ఆ ముఖం తలుచుకునే నిద్రపోతున్నాను."

కోటు గుండీలు పెట్టుకుంది. ఒకటి తప్పింది. విప్పి, మళ్లీ మొదటినుంచి పెట్టుకోసాగింది.