నాగమణి గొంతు

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆటోనగర్‌లో నాగమణి టీ బడ్డీ పక్కన నీళ్ళ డ్రమ్ము నిండుగానే ఉంది. ప్రతి శుక్రవారం ఈపాటికి షరీఫ్ వెల్డింగ్ షెడ్డులో నమాజుకొచ్చే కూలీలు ఇక్కడే కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ, "అక్కా, నీళ్ళలో ఉప్పేసినావేటి?" అని ఆమెను ఆటపట్టించేవారు. ఇవాళ వీధి మలుపు దాకా వచ్చి, ఆమెను చూసి వెనక్కి తిరిగిపోతున్నారు.

మంచికి పోతే చెడు ఎదురైంది. ఆమధ్య పద్మనాభం ఊరెళ్ళే దారిలో ఎవరో చర్చికి తాళం వేస్తే, షరీఫ్‌తో, పాస్టరుగారితో కలిసి నాగమణి కూడా అక్కడ బైఠాయించింది. అప్పటినుంచి అందరి కన్నూ వీళ్ళ మీదే. అది తెలిసి కూడా, ఆ చర్చి గొడవప్పుడు అందరూ కలిసి పెట్టుకున్న ఐక్యవేదిక వాట్సాప్ గ్రూపులో మొన్న నోరు ఊరుకోక వాయిస్ పెట్టింది: "షెడ్డుకి కొత్తోళ్ళు వత్తన్నారు. పేర్లు తెలీవు. బస్సు బాడీలు కట్టడానికొచ్చిన ఒరిస్సా పిల్లలు, మంచోళ్ళు. ఇంకో డ్రమ్ము ఎవురైనా ఇప్పించండి." ఎవడో పుణ్యాత్ముడు మొదటి రెండు ముక్కలే కోసి ఊరంతా తిప్పాడు. నిన్న షరీఫ్‌ను స్టేషనుకు పిలిచి పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు.

షెడ్డులో నమాజు ఆపించాలని చూస్తున్న వీధి సంఘం పెద్ద ఉమాశంకర్ బడ్డీ ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఇచ్చిన టీ ముట్టలేదు.

"పోలీసులొత్తన్నారు నాగమణీ. ఆ గొంతు నాదేనను, సాలు. ఇంకేటీ సెప్పకు."

"సెప్తే?"

"బడ్డీ రోడ్డు మీదుంది గదా," అని నవ్వాడు.

మొగుడు కొండలరావు స్టౌ వెనకనుంచి ఆమె కొంగు లాగాడు. "మనకెందుకే? ఇది పోతే తినేదేటి?" ఆ మాటా నిజమే. రోజంతా నిలబడితే మూడొందలు మిగిలే బతుకు.

అంతలో షరీఫ్ ఒక్కడే వచ్చాడు. డ్రమ్ము దగ్గర ఆగాడు గానీ మగ్గు అందుకోలేదు.

"నీ గొంతే కదక్కా?" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. తిట్టినా బాగుండేది. ఛీ, ఏం బతుకు అనిపించింది నాగమణికి.

జీపు వచ్చి ఆగింది. కానిస్టేబులు దిగి, ఫోనులో ఆ ముక్క వినిపించాడు. "ఇది నీ మాటేనా?"

"నాదే బాబూ. సగమే ఇనిపించినారు. ఆళ్ళు కూలికొచ్చిన పిల్లలు, దండం పెట్టుకోడానికొత్తారు. మిగతా సగం అదే."

"సరే, ఆ పిల్లల్ని గుర్తుపడతావుగా? చూపించు."

వీధి మలుపులో ఇద్దరు కుర్రాళ్ళు కదలకుండా నిలబడి ఉన్నారు. నాగమణి అటు తల తిప్పలేదు.

"సూపించను."

ఉమాశంకర్ లేచి సైగ చేశాడు. రోడ్డుకవతల కాచుకున్న అతని మనుషులు వచ్చి బడ్డీ టార్పాలిన్ తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. కొండలరావు పాలగిన్నె పట్టుకుని బయటికి ఉరికాడు. కానిస్టేబులు జీపు వెనక తలుపు తీశాడు.

"ఇంకోసారి అడుగుతున్నాను," అన్నాడు.

"ఎన్నిసార్లడిగినా అంతే," అంది నాగమణి.