నరికిన చోట పుట్టిన జ్వరం

వదిన ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంది. ఆమె గుడిసెకు నిప్పు పెట్టారు.

కాంట్రాక్టరు మనుషులు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వచ్చారు. ఆమెను చాపతో సహా ఎత్తి బయట మట్టిలో పడేశారు. బట్టలు, గిన్నెలు, మంచం, అన్నీ లోపలుండగానే అంటించారు. అన్న అడ్డం పడితే రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"శుభ్రంగా బతకడం చేతకాదు మీకు. జ్వరాలు రాక ఏమొస్తాయి?" అన్నాడు కాంట్రాక్టరు.

మేం చేతుల్లో గొడ్డళ్లు పట్టుకునే చూస్తూ నిలబడ్డాం. సాయంత్రానికి వదిన పోయింది.

పనివాళ్లకు ఇదంతా తెలిసిందే. చదువుకునే పిల్లలకు తెలియాలని చెప్తున్నాను. మా పని అడవి కొట్టడం. కొట్టిన నేలలో కంపెనీ పామాయిల్ తోట వేస్తుంది. చెట్లు పడిన అంచునే మాకు గుడిసెలు వేసేవారు. కొట్టేకొద్దీ అంచు జరిగేది, దాంతోపాటు మా గుడిసెలూ జరిగేవి. నిరుటి నుంచి జ్వరం కూడా మా వెంటే జరుగుతూ వచ్చింది.

ఆ జ్వరం కోసమే ఎలుకలమ్మ వచ్చింది. ఆమె విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు. నేల రూపు మారితే రోగాలు ఎలా మారతాయో చూస్తుంది. అడవిలో, తోటలో, మా గుడిసెల్లో బోనులు పెట్టి ఎలుకల్ని పట్టి రక్తం తీసేది. అందుకే ఆ పేరు పెట్టాం. "మా ఇంట్లోనే కాపురం పెట్టాయమ్మా, మాకంటే దర్జాగా ఉన్నాయి," అంటూ మా అన్న ఆమెను ఆటపట్టించేవాడు.

వదిన పోయిన మర్నాడు అందరం ఎలుకలమ్మ గుడారం దగ్గరికి వెళ్లాం.

"నిజం చెప్పమ్మా. మా మురికి వల్లేనా?" అన్నాడు అన్న.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నిండు అడవిలో ఈ ఎలుకలు తక్కువ. పాములు, గుడ్లగూబలు, అడవిపిల్లులు వాటిని తింటాయి. చెట్లు పడితే అవన్నీ పోతాయి. ఎలుకలు మాత్రం పోవు. తోటలో రాలిన పళ్లు తిని పెరుగుతాయి. రోగమున్న ఎలుకలు ఎక్కువ దొరికింది కొట్టేసిన చోటే. వాటి ఉచ్చ ఎండి దుమ్ములో కలుస్తుంది. మీరు పనిచేసేదీ, పడుకునేదీ ఆ దుమ్ములోనే."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"నేను రాసింది ఇంకా పెద్ద శాస్త్రవేత్తలు పరిశీలించాలి. పత్రికలో అచ్చు కావాలి. అప్పుడే నా మాటకు బలం వస్తుంది."

"అచ్చయ్యేదాకా మమ్మల్ని చావకుండా ఉండమంటావా?"

మాకందరికీ వండిపెట్టే పిన్ని ముందుకొచ్చింది. "ఆవిడ మీద అరుస్తావేంట్రా? అడవిని కొట్టింది ఆవిడా, మనమా?"

"కొట్టించింది ఎవరు పిన్నీ?" అన్నాను నేను.

"అదేనే నేననేది. మన చేతులు ఆగితే వాడెవరితో కొట్టిస్తాడు?"

వాదన పెరిగింది. పని మానేస్తే తిండెక్కడిదని కొందరు. పనికెళ్తే తినడానికి మనుషులెక్కడ మిగులుతారని కొందరు. ఒకళ్ల గొంతు మీద ఒకళ్లు అరుచుకున్నాం. చివరికి ఒక మాట మీదికొచ్చాం. గుడిసెలు అంచుకు దూరంగా గట్టి గోడలతో కట్టాలి, జ్వరమొచ్చిన వాళ్లను ఆసుపత్రికి చేర్చాలి, మిగిలిన అడవి జోలికి పోకూడదు. అంతవరకు గొడ్డలి ఎత్తేది లేదు.

"కాంట్రాక్టరు ముందు నేనే చెప్తాను," అంది ఎలుకలమ్మ.

"నీ ఉద్యోగమో?" అంది పిన్ని.

"ఉంటే ఉంటుంది."

పని ఆపామని తెలిసి, మర్నాడు పొద్దున కాంట్రాక్టరు పోలీసులతో దిగాడు. ఆమె పడిపోయిన మాను మీద నిలబడి, మాకు చెప్పినదంతా అతనికీ చెప్పింది.

కాంట్రాక్టరు మావైపు తిరిగాడు. "ఈవిడ రేపో ఎల్లుండో సర్దుకుని పోతుంది. మీరేం తింటారు?"

"దుమ్ము," అన్నాడు అన్న. "ఇప్పుడు తింటున్నదీ అదేగా."

పుకార్లు పుట్టిస్తోందని ఆమెను జీపెక్కించారు. అన్ననూ తోశారు. రక్తం సీసాల పెట్టెను బూటుకాలితో తొక్కేశారు. ఆమె ఆ పెట్టె వైపు ఒకసారి చూసి, మాతో అంది, "ఊడ్చే ముందు నీళ్లు చల్లండి. పొడి దుమ్ము లేపకండి."

జీపు వెళ్లీవెళ్లకముందే కొత్త కూలీల లారీ వచ్చింది. దూరం నుంచి తెచ్చిన మనుషులు, మూటలు, చంకల్లో పిల్లలు. మేము దారికి అడ్డంగా కూర్చున్నాం. "పోనియ్," అన్నాడు కాంట్రాక్టరు డ్రైవరుతో. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

పిన్ని లేచి లారీ దగ్గరికి వెళ్లింది. వదిన కళ్లు ఎలా నెత్తురు ముద్దలయ్యాయో, చిగుళ్ల నుంచి రక్తం ఎలా కారిందో చెప్పింది. ఎలుకలమ్మ చెప్పిన మాటలన్నీ తన మాటల్లో చెప్పింది. ఆమెనూ అన్ననూ పోలీసులు జీపులో పట్టుకెళ్లారనీ చెప్పింది.

లారీలో ఒకామె లేచి నిలబడింది. "మా దగ్గర గని కోసం కొండ మీద చెట్లన్నీ కొట్టారు. మా ఆయన ఇలాగే పోయాడు," అంది. "ఎందుకు పోయాడో ఇవాళ తెలిసింది."

మూట కిందికి విసిరి, చక్రం మీద కాలుపెట్టి దిగింది. ఆమె వెనక ఇంకొకరు. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు.

"పట్టుకెళ్లిన వాళ్లను ఎక్కడ పెట్టారు?" అని అడిగిందామె.

పోలీసు ఠాణా వైపు చూపించాం. అందరం అటే నడిచాం.