ఉన్నదేగారు

తెర మళ్లీ ఆగింది. సర్వర్ ఆపరేటర్ 'డి' మీట నొక్కి ముందుకు వంగాడు.

మెయిల్ సర్వర్‌లో ప్రోగ్రాముల ప్యాకేజీలు అప్‌గ్రేడ్ చేస్తుంటే యంత్రం మధ్యమధ్యలో ఆగి అడుగుతుంది: నీ పాత సెట్టింగుల ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా? వై కొడితే కొత్తది. ఎన్ కొడితే పాతది. డి కొడితే రెంటికీ తేడా చూపిస్తుంది. అతను ముందు డి కొట్టి, బియ్యంలో రాళ్లేరినట్టు వరుస వరుసా చదివి, చివరికి ఎన్ కొడతాడు. ఎప్పుడూ ఎన్నే. అందుకే ఆఫీసులో అతని పేరు 'ఉన్నదేగారు'. కర్టెన్లు మార్చనివ్వడని ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుంది.

తలుపు భళ్లున తెరుచుకుంది. సూపర్‌వైజర్. స్వయానా బామ్మర్ది. ఒకప్పుడు ఇతనే వెంటబెట్టుకొచ్చి ఈ గదిలోనే పని నేర్పాడు. ఇప్పుడు ఇతని మీదే పెత్తనం.

"ఇంకా తెమల్లేదా బావా? ప్రశ్నలు అడక్కుండా దానంతట అదే పోయేలా నడపమన్నానా లేదా?"

"అడిగినదానికి జవాబు చెప్పకపోతే ఇక మనం ఎందుకురా?"

"నేనూ అదే అడుగుతున్నా. మీరెందుకు?"

పక్క బల్ల దగ్గర నెట్‌వర్క్ అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"నోరు జారకు. నీకు ఎంటర్ మీట చూపించింది నేను."

"చూపించారు. మీరు అక్కడే ఆగిపోయారు. ఇదే ఆఖరు బావా. ఈ అప్‌గ్రేడ్ మీ వల్ల చెడిందంటే ఆ కుర్చీ మీది కాదు. అక్క ఏడ్చినా సరే."

"ఏడవదులే. మీ అక్క ఏనాడైనా నా పక్షమా?"

అతని చెవులు కాలిపోతున్నాయి. తెర మీదికి ఇంకో ప్రశ్న వచ్చింది, ఈసారి మెయిల్ ప్రోగ్రాందే. వెనక బూటు నేలను టకటకా కొడుతోంది. డి నొక్కితే 'ఇంకా చదువుతారా?' అంటాడు వాడు. వాడి చేత అనిపించుకోవడమా! చదవకుండా ఎన్ కొట్టాడు. ఆ తర్వాత వచ్చినదానికల్లా ఎన్. ఎన్. ఎన్. ఒక్కొక్కటీ వాడి చెంప మీద కొట్టినట్టు.

అప్‌గ్రేడ్ ముగిసింది. మెయిల్ ప్రోగ్రాం మాత్రం లేవలేదు. పాత ఫైలులో మాటలు తనకు అర్థం కావడం లేదని మొరాయించింది. ఈ ఒక్కసారికి కొత్త ఫైలే కావాలి. తేడా చూసి ఉంటే మొదటి వరుసలోనే తెలిసేది. అన్ని అంతస్తుల నుంచీ ఫోన్లు మొదలయ్యాయి.

బామ్మర్ది దగ్గరికొచ్చి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. లెమ్మనలేదు. అతనే లేచాడు. యంత్రమే విడిగా దాచి ఉంచిన కొత్త ఫైలును బామ్మర్ది తెచ్చి పెట్టాడు. మెయిల్ కదిలింది.

"తేడా అయినా చూడొద్దా బావా?" గొంతులో వెటకారం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "ఆ పద్ధతి నాకు నేర్పిందే మీరు కదా."

అతను మెడలోంచి గుర్తింపు కార్డు తీసి నెట్‌వర్క్ అమ్మాయి బల్ల మీద పెట్టాడు. ఆ పిల్ల తలెత్తలేదు. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

కీబోర్డు పక్కన అతని కళ్లజోడు మిగిలిపోయింది. దాని కాడలు విప్పే ఉన్నాయి. అద్దాల్లో తెర మీది అక్షరాలు చీమల్లా, బారులు బారులుగా పైకి పాకుతున్నాయి.