దియోలిందా ఉంచుకున్న కానుక

దియోలిందాకి కానుక ఇవ్వడమంత కష్టమైన పని మా వీధిలో ఇంకోటి లేదు. మన ముందే కాగితం విప్పేది, బావుందనేది, మళ్ళీ అవే మడతల్లో చుట్టేసేది. రెండు రోజుల్లో అది కొట్టుకి వెళ్ళిపోయి, డబ్బుగా మారి కవర్లో మన చేతికొచ్చేది. కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోకపోతే చర్చి లాటరీకి ఇచ్చేసేది. ఒక క్రిస్మస్‌కి నేనిచ్చిన ఉన్ని శాలువా అలాగే లాటరీలో పోయింది. దాన్ని గెల్చుకున్నావిడ ఈస్టర్ పూజకి కప్పుకొస్తే, దియోలిందా నా పక్కనే కూర్చుని, "ఆవిడకెంత నప్పిందో చూడు" అంది. నన్ను దెప్పాలని కాదు, నిజంగానే ముచ్చటపడి అంది.

నేను ఆవిడ ఇంట్లో మూడో అంతస్తులో అద్దెకుంటాను. న్యూ బెడ్‌ఫర్డ్‌లో పోర్చుగల్ నుంచి అమెరికా వచ్చినవాళ్ళుండే మా పేటంతా ఇలాంటి మూడంతస్తుల చెక్క ఇళ్ళే. కింద దియోలిందా, మధ్యలో ఆవిడ కూతురు ఇల్దా, పైన నేను. నా పేరు ఆవిడకి తెలియక కాదుగానీ, నన్నెప్పుడూ "పైపిల్లా" అనే పిలుస్తుంది. నాకు యాభై దాటాయి.

ఆ ఇల్లు దియోలిందా తన చేతులతో సంపాదించింది. మాటవరసకి అనడం కాదు. రేవు దగ్గరున్న చేపల ఫ్యాక్టరీలో మంచునీళ్ళలో చేతులు ముంచి చేపలు కోసి, వయసంతా అక్కడే గడిపి కొన్న ఇల్లు. భర్త తొందరగా పోయాడు. ఆయన పోయాక కూడా ఆవిడ ఒక్కరోజు పని మానలేదని మా వీధిలో చెప్పుకుంటారు. ఇప్పుడావిడకి డెబ్బై నాలుగు. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయి. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆవిడకి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ తిట్లు మెట్లమీదుగా పైకి వినిపిస్తాయి. ఈస్టర్‌కి వీధి మొత్తానికీ తీపి రొట్టెలు చేసి పంచే మనిషి, నాలుగేళ్ళుగా చెయ్యడం మానేసింది. తీపి ఒంటికి మంచిది కాదంటుంది. పిండి పిసకలేకపోతోందని అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట అనరు.

ఇల్దా ఎలిమెంటరీ స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. విడాకులయ్యాక తల్లి ఇంటికొచ్చి రెండో అంతస్తులో స్థిరపడిపోయింది. నెమ్మదైన మనిషి, తన గురించి తక్కువ మాట్లాడుతుంది. వాళ్ళ స్కూల్లో ఒక పద్ధతుంది. జీతం మీద పన్ను వెయ్యకముందే కొంత పక్కకి తీసి, ఆరోగ్యం ఖర్చులకని ఒక ఖాతాలో వేస్తారు. మందులకి, కళ్ళజోళ్ళకి, డాక్టర్లకి దాన్ని వాడుకోవచ్చు. జూన్ నెలాఖరులోగా వాడకపోతే మాత్రం ఆ మిగిలింది పోయినట్టే. ఆ ఏడాది దవడపన్నుకి పెద్ద వైద్యం చెయ్యాలని డాక్టరు చెబితే ఇల్దా ఎక్కువే వేయించుకుంది. తీరా చూస్తే ఆ పన్నుకి అంత అవసరం లేదన్నాడు. మే నెలొచ్చేసరికి ఖాతాలో డబ్బు అలాగే ఉండిపోయింది.

మాతృదినోత్సవం దగ్గరపడుతున్న రోజులు. ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది ఇల్దాకి. మీ ఆరోగ్య ఖాతాలో మిగిలిన డబ్బుతో అమ్మకి ఆరోగ్యాన్ని కానుకగా ఇవ్వండి అని. మెడకి చుట్టుకునే వేడి పట్టీలు, కాళ్ళు పిసికే యంత్రాలు, ఇంకా ఏవేవో. వాటిమధ్య మైనం పెట్టె ఒకటి ఉంది. కరెంటుతో మైనం గోరువెచ్చగా కరుగుతుంది. అందులో చేతులు ముంచి తీస్తే తొడుగులా అంటుకుంటుంది. తువ్వాలు చుట్టుకుని కాసేపు కూర్చుంటే ఆ వెచ్చదనం కీళ్ళలోకి దిగుతుంది. ఇల్దా ఇంకేం ఆలోచించలేదు, కొనేసింది.

మాతృదినోత్సవం ఆదివారం మధ్యాహ్నం కాలే ఆకుకూర సూప్ తాగడానికి నన్నూ కిందకి పిలిచారు. దియోలిందా కాగితం విప్పింది, పెట్టె చూసింది, బావుందంది. మడతలు పెట్టడానికి కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంటుండగా ఇల్దా, "అమ్మా, ఇది నా డబ్బు కాదు" అంది.

దియోలిందా చెయ్యి ఆగింది.

ఇల్దా ఖాతా సంగతి చెప్పింది. జూన్‌లోపు వాడకపోతే పోతుందని చెప్పింది.

"పోవడమంటే? ఎక్కడికి పోతుంది?"

"ఏమో. వాళ్ళకే."

"వాళ్ళంటే ఎవరే?"

"నాకూ తెలీదమ్మా. ఆఫీసువాళ్ళకనుకుంటా."

ఎండిపోయిన రొట్టె ముక్కని కూడా పారెయ్యకుండా సూప్‌లో వేసే మనిషి ఆవిడ. కూతురి జీతంలోది ఎవరో ముఖం తెలియనివాళ్ళకి పోతుందంటే ఊరుకుంటుందా? కాగితం మడత పెట్టి సొరుగులో పెట్టింది కానీ, పెట్టెని మాత్రం బల్లమీదే ఉంచింది. సూప్ అయ్యాక, దాన్ని ఎక్కడ తగిలించాలో చూపించమంది. ఇల్దా నా వైపు చూసింది. నాకు నవ్వాగక కిటికీ వైపు తిరిగాను.

వారం తిరిగేసరికి గుండీల తిట్లు తగ్గాయి. రెండు పూటలా మైనంలో చేతులు ముంచి, వంటింట్లో కూర్చుని రేడియోలో పోర్చుగీసు వార్తలు వినేది. మైనం తొడుగు ఊడదీసి, వేళ్ళ గుర్తులతో సహా నాకు చూపించి, "ఇరవయ్యేళ్ళ చేతులు" అనేది.

గొడవ ఆఫీసులో మొదలైంది. ఇల్దా పక్క సీటులో కొలీన్ అని ఒకావిడ ఉంటుంది. ఇల్దా సంతోషం పట్టలేక ఆవిడకి ఈ కానుక సంగతి చెప్పింది. ఆ ఖాతా డబ్బు తనకీ, భర్తకీ, పిల్లలకీ, పన్నుల లెక్కలో తన మీద ఆధారపడ్డట్టు చూపించినవాళ్ళకీ తప్ప వాడకూడదని కొలీన్ చెప్పింది. తల్లి నీ పోషణలో ఉందా అని అడిగింది. ఇల్దా ఉంటున్నదే తల్లి ఇంట్లో. అద్దె ఇస్తానన్నా ఆ తల్లి తీసుకోదు.

ప్రకటనలో ఆ ముక్క ఎక్కడో కింద సన్నగా రాసే ఉంటారు. ఇల్దా చూసుకోలేదు. వెంటనే ఖాతావాళ్ళకి ఫోన్ చేసి, పొరపాటైందని ఒప్పుకుంది. ఆ సొమ్ము తిరిగి కట్టేస్తే సరిపోతుందన్నారు. తన సొంత డబ్బు కట్టేసింది. ఆ రాత్రి పైకొచ్చి నాకు చెప్పింది.

"మీ అమ్మకి చెప్పెయ్యరాదూ?" అన్నాను.

"చెబితే రేపు పొద్దున్నే అది కొట్టులో ఉంటుంది. ఆవిడిప్పుడు తిట్టుకోకుండా గుండీలు పెట్టుకుంటోంది. నావల్ల కాదు."

సరే, ఊరుకున్నాను. కానీ దియోలిందా ఊరుకోలేదు. చర్చి హాల్లో పూజ తర్వాత కాఫీల దగ్గర, కనిపించిన ప్రతివాళ్ళకీ వృథాగా పోయే డబ్బు కథ చెప్పింది. మీ పిల్లల్ని అడగండి, వాళ్ళకీ ఉంటుంది, ఎవడికో పోయేబదులు మీ మోకాళ్ళకి పనికొస్తుంది అని ప్రచారం చేసింది. అందరికంటే శ్రద్ధగా విన్నది నటేర్సియా. ఫ్యాక్టరీలో ఇద్దరూ ఒకే బల్లదగ్గర ఎదురెదురుగా నిలబడి పనిచేశారు. చిన్నప్పట్నుంచీ స్నేహం, అంతే పోటీ. నటేర్సియా కొడుకు నగరపాలక సంస్థలో ఉద్యోగి. ఆవిడ ఇంటికెళ్ళి తన మోకాళ్ళ సంగతి తేల్చమంది. ఆ అబ్బాయి నిబంధన విడమరిచి చెప్పాడు.

మర్నాడు సాయంత్రమే నటేర్సియా దిగింది. నేను అప్పుడే పనినుంచి వచ్చి మెట్లెక్కుతున్నాను. దియోలిందా తలుపు తీసే ఉంది.

"మా వాడు అడగమన్నాడే దియోలిందా. నువ్వు ఎప్పట్నుంచీ కూతురి పోషణలో ఉన్నావు?"

"నేనా? ఎవరన్నారు?"

"లేకపోతే ఆ డబ్బు నీకు చెల్లదుట. రెంటిలో ఒకటి. నువ్వు దాని మీద పడి తింటున్నావు, లేదా అది సర్కారుని మోసం చేసింది. ఏదో నువ్వే తేల్చుకో."

దియోలిందా కాఫీ పోసి ఇచ్చిందిట. నటేర్సియా వెళ్ళేదాకా మర్యాదగానే కూర్చుందిట. తర్వాత మెట్లెక్కి ఇల్దా తలుపు కొట్టింది. అప్పుడు జరిగింది ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. రెండూ కాస్త తేడాగా ఉన్నాయి కానీ అసలు మాటలు మాత్రం ఒకటే.

"నాకోసం దొంగతనం చేశావా?" అని అడిగింది తల్లి.

లేదంది ఇల్దా. తెలియక వాడానని, తెలిసిన రోజే కట్టేశానని చెప్పింది.

"అంటే ఆ పెట్టె నీ డబ్బే."

"నా డబ్బే."

"వృథాగా పోయేదని చెప్పావు."

"మొదట అదే అనుకున్నానమ్మా. తర్వాత తెలిసినా దాచాను. నిజం చెబితే నువ్వు ఉంచుకోవు కదా."

దియోలిందా వెనక్కి తిరిగి దిగిపోయింది. ఇల్దా ఆ వారమంతా కిందకి వెళ్ళడానికి జంకింది. కొట్టు డబ్బు కవర్ ఏ రోజు తలుపు కిందనుంచి వస్తుందా అని చూసింది. ఏ రోజూ రాలేదు.

ఆదివారం తల్లే పిలిచింది. ఇల్దా వెళ్ళేసరికి మైనం కరిగి సిద్ధంగా ఉంది. దియోలిందా చేతులు ముంచి, తువ్వాలు చుట్టమని కూతురి వైపు చాపింది. ఇల్దా చుట్టింది. ఇన్నేళ్ళూ ఏ కానుకా ఎందుకు ఉంచుకోలేదని అడిగే ధైర్యం అప్పుడొచ్చింది ఆమెకి.

 తల్లి ఫ్యాక్టరీ సంగతి చెప్పింది. ప్రతి ఏడూ మాతృదినోత్సవానికి ముందురోజు యజమాని బల్ల దగ్గరకొచ్చి, పిల్లలున్న ఆడవాళ్ళందరికీ తలొక కార్నేషన్ పువ్వు ఇచ్చేవాడుట. అందరూ థాంక్స్ చెప్పాలి, నవ్వాలి. మంచులో చేతులు కొయ్యబారిపోయి ఆ కాడని పట్టుకోవడానికి వేళ్ళు వంగేవి కావుట. చేతులకి ఉన్ని తొడుగులు కావాలని వాళ్ళు అంతకుముందు రెండుసార్లు అడిగారు. ఇవ్వలేదు.

"ఆ పువ్వు ఇంటికి తెస్తే నువ్వు గ్లాసులో పెట్టేదానివి. నీకు గుర్తుండదు" అంది. "అప్పట్నుంచి ఎవరేమిచ్చినా నాకు ఆ పువ్వులాగే అనిపించేది. మీరు మంచికే ఇచ్చారు. తెలుసు. అయినా అలాగే అనిపించేది."

"మరి ఇది?"

"ఇది తొడుగే కదే" అంది దియోలిందా, తువ్వాలు చుట్టిన చేతులు పైకెత్తి.

ఇల్దాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోతే తల్లి అడ్డొచ్చింది. ఎడమచేత్తో ఎందుకు తుడుచుకుంటున్నావంది. నువ్వు కుడిచేతివాటం మనిషివి, చలికాలంనుంచీ తలకూడా ఎడంచేత్తోనే దువ్వుకుంటున్నావు, నేను చూడట్లేదనుకున్నావా అంది. కుడి భుజం ఎత్తలేకపోతున్నానని ఇల్దా ఒప్పుకుంది. డాక్టర్ దగ్గరకెళ్ళడానికి తీరిక లేదంది.

"నువ్వు తిరిగి కట్టిన డబ్బు ఎక్కడుంది?"

"మళ్ళీ ఖాతాలోకే వచ్చింది."

"జూన్‌లో పోతుందా?"

"పోతుంది."

"ఆ డబ్బు ఎవరి ఒంటికోసం?"

ఇల్దా తన కుడి భుజం వైపు చూసుకుంది.

"రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. చెయ్యలేదో, ఈ పెట్టె కొట్టుకి పోతుంది."

ఇల్దా ఫోన్ చేసింది. భుజం గట్టిపడిపోయిందని, వ్యాయామంతో సాగదియ్యాలని డాక్టరు చెప్పాడు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ. మొదటిసారి దియోలిందా కూడా వెళ్ళింది, నల్ల హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని. లోపల ఇల్దా అరిచినప్పుడల్లా బయట ఆవిడ లేచి నిలబడేదిట. రిసెప్షన్లో అమ్మాయి ఆవిడని ఎవరని అడిగితే, "తల్లిని. అది నా పోషణలో ఉంది" అని చెప్పిందిట. ఇల్దా ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ, నవ్వితే భుజం నొప్పెడుతోందని పట్టుకుని మరీ నవ్వింది.

నటేర్సియాని దియోలిందా ఒక నెలపాటు సాధించింది. చర్చిలో వేరే బెంచీమీద కూర్చుంది. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు గానీ, జులైలో ఒక బుధవారం నేను కిందకి వెళితే ఇద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చునున్నారు. నటేర్సియా చేతులు కూడా మైనంలో ఉన్నాయి. మోకాళ్ళకి ఏదీ లేదా అని ఆవిడ సణుగుతోంది. నీ కొడుకుని అడుక్కో, సొంత డబ్బుతో కొనిపెట్టమను అంటోంది దియోలిందా.

ఆగస్టు చివర్లో ఇల్దా వెనక వరండాలో బట్టలు ఆరేస్తుంటే చూశాను. కుడిచెయ్యి తలపైదాకా ఎత్తి తాడు లాగుతోంది. కింది వంటింట్లోంచి నిమ్మతొక్కు, ఈస్టు కలిసిన వాసన వస్తోంది. కాసేపటికి దియోలిందా మెట్ల దగ్గర నిలబడి, "పైపిల్లా, దిగు" అని కేకేసింది. వెళ్ళాను. బల్లమీద పెద్ద తీపి రొట్టె ఒకటి, ఒక పక్క కొంచెం వంకరగా పొంగింది. సరిగ్గా రాలేదని ఆవిడ విసుక్కుంటూ కత్తి నా చేతికిచ్చి, ముందు ఇల్దాకి కొయ్యమంది.