పొయ్యిలో పెట్టిన కాగితం

ప్యో వై ముందు కాగితాన్ని పొయ్యిలో పెట్టి, ఆ తర్వాత పెళ్ళాం సాండా మొహం మీద పడ్డాడు. ఆమె థాయ్ గడ్డ మీద కాలు పెట్టిన రోజు రేవులో ముద్ర కొట్టి ఇచ్చిన కాగితం అది. అది లేనిదే తిరుగు పడవ ఎక్కనివ్వరు. ఏటికి అవతల బర్మా ఒడ్డున పుట్టిల్లు కంటికి కనపడుతున్నా సరే, ఇవతల రొయ్యలు ఒలుచుకుంటూ పడి ఉండాల్సిందే. పశువుకైతే పలుపు కడతారు, ఈ మహానుభావుడు కాగితం కాల్చాడు.

పక్కింటామె ఫోను చేస్తే మర్నాడు మొదటి పడవకే సాండా తల్లి థాన్ న్వే దిగింది. ఆమె చేతిలో ఉన్నదీ అలాంటి కాగితమే, ఆ ఒక్కరోజుకే చెల్లుతుంది. వచ్చేసరికి అల్లుడు అన్నం తింటున్నాడు. కూతురు మూల కూర్చుని రొయ్యల పచ్చడి నూరుతోంది. మన గంధంలా అరగదీసి బుగ్గలకు రాసుకునే థనాకాను మొహమంతా గోడకు సున్నం వేసినట్టు పట్టించింది. అయినా వాపు దాగలేదు.

"రా అత్తా, కూర్చో. నీ కూతురికి నాలుగు మంచి మాటలు చెప్పి పో," అన్నాడు ప్యో వై.

"చెప్తాలే. దాని మొహానికేమైంది?"

"మెట్ల మీద పడింది."

"ఈ కొంపకు మెట్లెక్కడున్నాయిరా?"

వాడు ముద్ద కంచంలో పడేసి లేచాడు. సాండా జుట్టు పట్టి లేవదీసి డొక్కలో తన్నాడు. "ఇది గడప దాటిందా, పీక కోస్తా. అడ్డొస్తే నీదీ కోస్తా," అన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడంటారు. ఇక్కడ అత్తగారే ఉంది. థాన్ న్వే రోట్లోని రాతిబండ తీసి వాడి మోకాలి మీద ఒక్కటిచ్చింది. ఎముక చిట్లిన చప్పుడు పక్కింటికి వినపడింది. వాడు కూలబడి ఆమె మడమ దొరకబుచ్చుకున్నాడు. ఆ చేతి మీదా ఒకటి వేసింది. మూడోది నెత్తిన వేసేదే, సాండా తల్లి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

రేవు దగ్గర కాగితాలు పోయినవాళ్ళకు వేరే గది ఉంది. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు. "పోయిందా, ఎవరైనా తీసుకున్నారా?"

"మా ఆయన కాల్చేశాడండీ," అంది సాండా.

"కాల్చాడంటే కేసు. మీ ఆయన్ని పిలిపించాలి. తేలేదాకా నువ్విక్కడే ఉండాలి."

"వద్దు బాబూ, పోయిందనే రాసుకోండి," అంది థాన్ న్వే.

"పోయిందంటే స్టేషన్లో రాయించుకురావాలి. పనిచ్చిన షావుకారు సంతకం పెట్టాలి. నాలుగైదు రోజులు పడుతుంది."

షావుకారు ప్యో వైతో కలిసి తాగేవాడు. నాలుగు రోజులు కాదు, నాలుగు గంటలు కూడా మొగుడు ఆగడని ఇద్దరికీ తెలుసు. బయటికొచ్చాక సాండా వెనక రోడ్డు వైపు చూసింది. "నన్ను చంపేస్తాడమ్మా," అంది.

థాన్ న్వే కూతుర్ని కుళాయి చాటుకు తీసుకెళ్ళింది. తన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టింది. తుండుగుడ్డ తడిపి, మొహం మీది థనాకా అంతా రుద్ది తుడవడం మొదలుపెట్టింది.

"ఫోటో నీదమ్మా. నీకు నలభై ఆరు. చూడగానే పట్టుకుంటారు."

"చూస్తే కదే. మీ నాన్న తన్నిన మొహంతో నేను ఎన్ని సంతలకెళ్ళానో తెలుసా? అందరూ చేపల్ని చూసి బేరమాడారు, నా మొహం ఒక్క వెధవ చూడలేదు. సిగ్గు నాది కాదే, వాళ్ళది. తల దించకు. ఎత్తి ముద్ర కొట్టేవాడి కళ్ళలోకే చూడు."

"మరి నువ్వెట్టా వస్తావు?"

"నా సంగతి నేను చూసుకుంటా. నడువు."

ముద్ర కొట్టే కిటికీ దగ్గర ఆఫీసరు కాగితం అందుకున్నాడు, ఫోటో చూశాడు, తలెత్తాడు. మూసుకుపోయిన కన్ను, చీలిన పెదవి, మెడ మీద నల్లగా కమిలిన అయిదు వేళ్ళు. సాండా చూపు తిప్పలేదు. అతనే తిప్పుకున్నాడు. పేరడిగాడు. థాన్ న్వే అని చెప్పింది. ముద్ర పడింది.

సాండా పడవలో కూర్చుంటుండగా ప్యో వై ఎవరి బండి మీదో వచ్చి దిగాడు. కాలు ఈడుస్తున్నాడు, చేతిలో ఐసు దిమ్మలు లాగే ఇనుప కొక్కెం ఉంది. రేవు మెట్ల మీద థాన్ న్వే వాడి కాళ్ళకు అడ్డం పడి, విరిగిన మోకాలిని రెండు చేతులా కావలించుకుంది. వాడు అరిచి కొక్కెంతో కొట్టాడు. భుజం చీలింది. జుట్టు పట్టి తలను మెట్టుకేసి బాదాడు, పన్ను ఊడింది. "వదులు ముసలీ," అని మళ్ళీ బాదాడు. ఆమె మిగిలిన పళ్ళతో వాడి పిక్క పట్టుకుంది. రేవు నిండా జనం, అందరూ చేపల బుట్టలు సర్దుకుంటున్నారు. ఎవరి మీదైనా కోపం రావాలంటే వాళ్ళ మీద రావాలి. పడవ నడి ఏరు దాటి, అవతలి మెట్లకు ఆనేదాకా ఆమె పట్టు వదల్లేదు.

పోలీసులు వచ్చి కొక్కెం లాక్కుని వాడికి బేడీలు వేశారు. ఆమెను వేరే బండిలో కూర్చోబెట్టారు. కుర్ర పోలీసొకడు నోటికి గుడ్డ అందించి, "నీ కాగితం ఏదమ్మా?" అని అడిగాడు.

"పోయింది బాబూ."

"ఎక్కడ?"

"ఏట్లో."

"కాగితం లేకుండా దొరికితే జైలే. నెల రోజులుంచి గానీ పంపించరు. తెలుస్తోందా?"

థాన్ న్వే నోట్లో నెత్తురు గుడ్డలో ఉమ్మి, వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"నెలే కదా బాబూ," అంది. "నేను ఇరవై రెండేళ్ళు కాపురం చేసినదాన్ని."